ఐపీఎల్ 150: మెయిన్‌ఫ్రేమ్ మీద లినక్స్ కెర్నెల్ మార్చడం వెనక 60 ఏళ్ల కథ

ఇవాళ్టి టాపిక్ కాస్త వింతగా ఉంటుంది. మెయిన్‌ఫ్రేమ్ మీద లినక్స్ నడుస్తుంటే, దాని కెర్నెల్‌ని సేఫ్‌గా ఎలా మారుస్తారు అని. "మనకెందుకు బ్రో ఇది" అనుకునేవాళ్లు ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే అందులో ఉన్నది కూడా లినక్స్ కెర్నెలే. రాత్రి అప్‌డేట్ పెట్టి పడుకుంటారు, పొద్దున లేచేసరికి ఫోన్ రెడీ. ఎందుకు అంత ధీమాగా పడుకోగలుగుతున్నారు? 2016లో ఆండ్రాయిడ్ 7తో ఒక పద్ధతి వచ్చింది. ఇప్పుడు చాలా ఫోన్లలో అదే ఉంది. లోపల రెండు గదులు ఉంటాయి. మీరు వాడుతున్న సిస్టమ్ ఒక గదిలో, కొత్తది రెండో గదిలో. కొత్తది లేవకపోతే ఫోన్ తనే పాత గదిలోకి వచ్చేస్తుంది.

మెయిన్‌ఫ్రేమ్ లినక్స్‌లో ఆ రెండో గదిని చాలాకాలం మనిషే కట్టుకోవాల్సి వచ్చింది. అక్కడ "కెర్నెల్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయింది" అని స్క్రీన్ మీద వచ్చినా పని సగమే అయినట్టు. మిగతా సగం ఏంటి, అది ఎందుకు మిగిలింది అన్నదే ఇవాళ్టి కథ. దానికోసం 1964కి వెళ్లాలి.

1964 ఏప్రిల్ 7న ఐబీఎం సిస్టమ్/360 అనే కంప్యూటర్ల కుటుంబాన్ని ప్రకటించింది. చిన్న మోడల్‌కి రాసిన ప్రోగ్రామ్ పెద్ద మోడల్ మీద కూడా నడవాలి, రేపు కొత్త మెషీన్ కొన్నా పాత ప్రోగ్రామ్ పారేయక్కర్లేదు అన్నది వాళ్ల మాట. ఆ మాట ఇప్పటికీ నిలబెట్టుకుంటున్నారు. మన కథలో మంచి, చెడు రెండూ అందులోంచే వచ్చాయి.

ఆ మెషీన్‌ని స్టార్ట్ చేయడం ఎలాగో చూడండి. ఆపరేటర్ ముందు ఒక ప్యానెల్, దాని మీద తిప్పే నాబ్‌లు మూడు. ఏ డివైస్ నుంచి లేవాలో దాని అడ్రస్ మూడు అంకెల్లో తిప్పి పెట్టాలి. కార్డ్ రీడరా, టేపా, డిస్కా అన్నది ఆ అడ్రసే చెప్తుంది. తర్వాత లోడ్ అనే బటన్ నొక్కాలి. దీన్నే ఇనీషియల్ ప్రోగ్రామ్ లోడ్ అన్నారు. పొట్టిగా ఐపీఎల్. అవునండీ, మన క్రికెట్ ఐపీఎల్ 2008లో పుట్టింది, దీనికి అన్నయ్య 44 ఏళ్ల ముందే ఉన్నాడు. మెయిన్‌ఫ్రేమ్ వాళ్లు ఈ రోజుకీ "రీబూట్" అనరు, "ఐపీఎల్ చేశాం" అంటారు.

బటన్ నొక్కగానే హార్డ్‌వేర్ చేసే పని చాలా చిన్నది. ఆ డివైస్ నుంచి 24 బైట్లు చదివి మెమరీ మొదట్లో పెడుతుంది. అందులో 8 బైట్లు ప్రాసెసర్ ఎక్కడ మొదలవ్వాలో చెప్తాయి. మిగతా 16 బైట్లు రెండు కమాండ్లు, "ఇక్కడి నుంచి ఇంకొంచెం చదువు" అని. అంతే. ఇందులో ఫైల్ పేరు ఎక్కడా లేదు, ఫోల్డర్ అన్న మాటే లేదు. డిస్క్ మీద ఎన్నో సిలిండర్, ఎన్నో హెడ్, ఎన్నో రికార్డ్ అన్న నంబర్లే. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మెయిన్‌ఫ్రేమ్ అంటే మనవాళ్లకి కొత్తేం కాదు. మీ బాబాయో మావయ్యో 90ల చివర్లో ఐటీలో చేరి ఉంటే అడిగి చూడండి. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్‌లో కోబాల్, జేసీఎల్ నేర్చుకుని, వై2కే పనుల మీద అమెరికా వెళ్లిన బ్యాచ్ అది. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన పాత ప్రోగ్రామ్‌లు సరిచేయడం వాళ్ల పని. సరిగ్గా వాళ్లు ఆ పనిలో తలమునకలై ఉన్న రోజుల్లోనే, అదే మెషీన్ల మీదకి లినక్స్ వచ్చింది.

నిజానికి రెండు వైపుల నుంచి వచ్చింది. 1998లో లీనాస్ వెప్స్టాస్ అనే ప్రోగ్రామర్ బిగ్‌ఫుట్ అనే పేరుతో లినక్స్‌ని మెయిన్‌ఫ్రేమ్ మీదకి తెచ్చే పని మొదలుపెట్టారు. లీనస్ టోర్వాల్డ్స్ కాదు, ఈయన వేరే. మరోవైపు జర్మనీలో బోబ్లింగెన్ అనే ఊళ్లో ఐబీఎం ల్యాబ్ ఉంది. అక్కడి ఇంజినీర్లు బయటికి చెప్పకుండా తమ సొంత పోర్ట్ చేసుకుంటున్నారు. 1999 డిసెంబర్ 18న వాళ్లు తమ కోడ్‌ని 2.2.13 కెర్నెల్ మీద ప్యాచ్‌లుగా బయటపెట్టారు. హార్డ్‌వేర్ తయారుచేసేవాడే కోడ్ కూడా ఇస్తుంటే బయటివాళ్ల ప్రాజెక్ట్ ఎలా నిలబడుతుంది? బిగ్‌ఫుట్ ఆగిపోయింది. సాంకేతికంగా ఐబీఎం కోడే గెలవాల్సిందేమో గానీ, ఓపెన్ సోర్స్‌లో చెప్పకుండా సమాంతరంగా పని చేసి చివర్లో వచ్చి తలుపు తట్టడం నాకైతే నచ్చదు. ఆ ముక్క అంతటితో వదిలేద్దాం.

2000లో సూసే కంపెనీ మెయిన్‌ఫ్రేమ్ కోసం లినక్స్ డిస్ట్రిబ్యూషన్ విడుదల చేసింది. అదే ఏడాది డేవిడ్ బోయెస్ అనే ఇంజినీర్ ఒక్క మెయిన్‌ఫ్రేమ్ మీద ఎన్ని లినక్స్‌లు నడుస్తాయో చూద్దామని ఒక పరీక్ష పెట్టారు. వీఎం అనే సాఫ్ట్‌వేర్ ఒక మెషీన్‌ని అనేక నకిలీ మెషీన్లుగా చూపిస్తుంది. 1972 నుంచి ఐబీఎం దాన్ని అమ్ముతోంది. మీరు ఇవాళ క్లౌడ్ అంటున్నదానికి తాత అనుకోండి. దాని మీద ఆయన లేపిన లినక్స్‌లు 41,400. పరీక్ష కోసం లేపినవే, వాటితో వ్యాపారం నడపలేదు. కానీ ఆ నంబర్ చూసి పరిశ్రమ ఉలిక్కిపడింది. అప్పుడే స్వీడన్ టెలికాం కంపెనీ టెలియా 70 సన్ సర్వర్లు తీసేసి ఒక్క ఎస్/390 మెషీన్ పెట్టుకుంటోందన్న వార్త కూడా వచ్చింది.

ఇక్కడే అసలు చిక్కు. 70 డబ్బాలు ఉంటే ఒక డబ్బా పాడైనప్పుడు దాని దగ్గరికెళ్లి సీడీ పెట్టి లేపొచ్చు. ఒకే మెషీన్‌లో వందల లినక్స్‌లు, దేనికీ సొంత స్క్రీన్ లేదు, సీడీ డ్రైవ్ లేదు. మరి మొదట ఇన్‌స్టాల్ ఎలా చేశారు? వీఎం ప్రతి నకిలీ మెషీన్‌కీ ఒక నకిలీ కార్డ్ రీడర్ ఇస్తుంది. కెర్నెల్, పారామీటర్ ఫైల్, ఇనిట్ఆర్‌డీ ఈ మూడు ఫైళ్లని ఆ రీడర్‌లోకి పంచ్ చేస్తారు. నిజంగానే ఆ కమాండ్ పేరు పంచ్. ఫైల్‌లో ప్రతి రికార్డూ 80 బైట్లు ఉండాలి, ఎందుకంటే పంచ్ కార్డ్‌లో 80 నిలువు వరసలు ఉండేవి. తర్వాత "ఐపీఎల్ 00సీ" అని టైప్ చేస్తే లినక్స్ ఇన్‌స్టాలర్ లేస్తుంది. 21వ శతాబ్దంలో పుట్టిన ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్‌ని అట్ట కార్డుల రీడర్‌లోంచి లేపుతున్నారన్నమాట. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ఇష్టమైన వివరం ఇదే.

ఇన్‌స్టాల్ అయ్యాక లినక్స్ డిస్క్ నుంచి లేవాలి కదా. డిస్క్ అడ్రస్ 150 అనుకుందాం. "ఐపీఎల్ 150" అనాలి. నాబ్‌లు పోయి కీబోర్డ్ వచ్చింది, అడ్రస్ మాత్రం అలాగే ఉంది. హార్డ్‌వేర్ 24 బైట్లు చదువుతుంది, దానికి ఫైల్ పేర్లు తెలీవు. కెర్నెల్ ఫైల్ డిస్క్ మీద ఏ ఏ బ్లాకుల్లో ఉందో ఎవరో ఒకరు ముందే నంబర్లు రాసి పెట్టాలి. ఆ రాసిపెట్టే ప్రోగ్రామే జిపిల్. ఐపీఎల్ ముందు ఒక జెడ్ తగిలించారు, అంతే. దానికి ముందు 2.2 కెర్నెల్ రోజుల్లో సైలో అని ఒకటి ఉండేది, అదీ ఇదే పని చేసేది.

పోస్ట్‌మ్యాన్‌ని ఊహించుకోండి. అతనికి మనుషుల పేర్లు తెలీవు, డోర్ నంబర్లే తెలుసు. మీరు ఇల్లు మారారు. కొత్త డోర్ నంబర్ అతని పుస్తకంలో రాయించలేదు. ఉత్తరం పాత ఇంటికే పోతుంది. కెర్నెల్ అప్‌డేట్‌లో సరిగ్గా ఇదే జరుగుతుంది. కొత్త కెర్నెల్ ఫైల్ డిస్క్ మీద కొత్త బ్లాకుల్లో పడుతుంది. జిపిల్ మళ్లీ నడిపితేనే పుస్తకంలో కొత్త నంబర్లు పడతాయి.

పీసీల్లో కూడా ఒకప్పుడు ఇదే బాధ. లైలో అనే బూట్ లోడర్ ఉండేది, అదీ బ్లాక్ నంబర్లే రాసుకునేది. తర్వాత గ్రబ్ వచ్చి ఫైల్ సిస్టమ్‌ని తనే చదవడం నేర్చుకుంది, పీసీ వాళ్లు ఆ బాధ మర్చిపోయారు. మెయిన్‌ఫ్రేమ్ వాళ్లకి మర్చిపోయే అవకాశం దొరకలేదు.

జిపిల్ నడపడం మర్చిపోతే వెంటనే కూలిపోతుందా అంటే, కూలిపోతే బాగుండును. మూడు రకాలుగా దెబ్బ తగులుతుంది, మూడూ ఆలస్యంగానే తెలుస్తాయి. పాత కెర్నెల్ ఫైల్ అలాగే ఉంటే పాతదే చక్కగా లేస్తుంది. మీరు సెక్యూరిటీ ప్యాచ్ వేసేశాననుకుంటారు, నడుస్తున్నది మాత్రం రంధ్రం ఉన్న పాత కెర్నెలే. "యూనేమ్ మైనస్ ఆర్" కొట్టి చూసినవాడికే తెలుస్తుంది. ఇది మొదటిది.

రెండోది, పాత ఫైల్ డిలీట్ అయిపోతే. ఫైల్ పేరు పోయినా బ్లాకుల్లో డేటా వెంటనే చెరిగిపోదు. కాబట్టి అదృష్టం మీద లేస్తూనే ఉంటుంది. ఏదో ఒక రోజు వేరే ఫైల్ వచ్చి ఆ బ్లాకుల్లో కూర్చుంటుంది. ఆ తర్వాత ఐపీఎల్ కొడితే అక్కడ ఉన్నది కెర్నెల్ కాదు, ఎవరిదో లాగ్ ఫైల్.

మూడోది నా దృష్టిలో అన్నిటికంటే దారుణం. ప్యాకేజీని "ఆర్‌పీఎం మైనస్ యూ"తో అప్‌గ్రేడ్ చేస్తే పాత వెర్షన్ తీసేసి కొత్తది పెడుతుంది. పాత కెర్నెల్ డ్రైవర్ మాడ్యూల్స్ కూడా పోతాయి. జిపిల్ నడపలేదు, అదృష్టవశాత్తూ పాత కెర్నెల్ లేచింది. కానీ దాని నెట్‌వర్క్ డ్రైవర్ డిస్క్ మీద లేదు. నెట్‌వర్క్ లేదు కాబట్టి ఎస్ఎస్‌హెచ్ లేదు. మిగిలింది 3270 కన్సోల్ ఒక్కటే. అందులో వీఐ ఎడిటర్ పనిచేయదు, లైన్ లైన్‌గానే టైప్ చేయాలి. కంట్రోల్ సీ నొక్కాలంటే పైబాణం గుర్తు, దాని పక్కన సీ అక్షరం టైప్ చేసి ఎంటర్ కొట్టాలి. అర్ధరాత్రి రెండింటికి, ఫోన్‌లో మేనేజర్ లైన్‌లో ఉండగా ఈడీ అనే 1969 నాటి ఎడిటర్‌తో కాన్ఫిగ్ ఫైల్ సరిచేయడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అందుకే కెర్నెల్‌ని అప్‌గ్రేడ్ చేయకూడదు, పాతదాని పక్కన కొత్తది ఇన్‌స్టాల్ చేయాలి అన్న నియమం పుట్టింది. "మైనస్ యూ" కాదు, "మైనస్ ఐ". తర్వాత యమ్, డీఎన్ఎఫ్ లాంటి టూల్స్ కెర్నెల్ కనిపిస్తే తామే అలా చేయడం మొదలుపెట్టాయి, మామూలుగా మూడు కెర్నెల్స్ దాకా ఉంచుతాయి. సూసేలో అయితే కొత్తది, దాని ముందుది, ఇప్పుడు నడుస్తున్నది ఉంచమని సెట్టింగ్ ఉంటుంది. ఫోన్‌లో రెండో గది అన్నాను చూడండి, మెయిన్‌ఫ్రేమ్‌లో అది ఇలా వచ్చింది. జిపిల్‌లో మెనూ పెట్టుకుంటే ఐపీఎల్ కమాండ్ పక్కనే లోడ్‌పార్మ్ అని ఒక నంబర్ ఇచ్చి పాత కెర్నెల్‌ని ఎంచుకోవచ్చు. కాకపోతే ఫోన్ తనే వెనక్కి వస్తుంది, ఇక్కడ మనిషే రప్పించాలి.

ఇంకో మందుపాతర ఉంది. రూట్ ఫైల్ సిస్టమ్ నిండిపోయిందని మార్చిలో ఒక కొత్త డిస్క్ కలిపారు అనుకోండి. లినక్స్ నడుస్తుండగానే కలపొచ్చు, ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ బూట్ అయ్యేటప్పుడు ఏ ఏ డిస్కులు ఆన్ చేయాలో ఇనిట్ఆర్‌డీలోనో జిపిల్ కాన్ఫిగ్‌లోనో రాసి ఉంటుంది. అక్కడ కొత్త డిస్క్ చేర్చలేదు. మెయిన్‌ఫ్రేమ్ కదా, నెలల తరబడి ఎవరూ రీబూట్ చేయరు. నవంబర్‌లో ఇంకెవరో కెర్నెల్ అప్‌డేట్ చేసి ఐపీఎల్ కొడతారు. రూట్ డిస్క్ సగమే దొరికింది, మెషీన్ లేవలేదు. తిట్లు ఎవరికి పడతాయి? కెర్నెల్ అప్‌డేట్‌కీ, నవంబర్‌లో అది చేసిన పాపానికి ఆ కుర్రాడికీ. మార్చిలో డిస్క్ కలిపినాయన వేరే టీమ్‌కి వెళ్లిపోయి ఉంటాడు.

దీనికి విరుగుడుగా నాకు అన్నిటికంటే తెలివైనదనిపించే అలవాటు ఏంటంటే, అప్‌డేట్ చేయడానికి ముందే ఒకసారి ఐపీఎల్ చేయడం. పాత కెర్నెల్‌తోనే, ఏమీ మార్చకుండా. లేచిందా, ఓకే. లేవలేదా, తప్పు అప్‌డేట్‌ది కాదని అప్పుడే తేలిపోయింది. ఇందుకోసం డౌన్‌టైమ్ అడిగితే చాలామంది మేనేజర్లు "ఒకే రాత్రి రెండు రీబూట్లా" అని ముఖం చిట్లిస్తారు. అడగండి, గొడవపడైనా అడగండి.

ఒకవేళ లేవకపోతే ఏం చేస్తారు? ఇక్కడ వీఎం అందం కనిపిస్తుంది. పాడైన లినక్స్‌ని లాగాఫ్ చేస్తారు. పక్కనే ఆరోగ్యంగా నడుస్తున్న ఇంకో లినక్స్ నుంచి దాని డిస్క్‌కి లింక్ పెడతారు. ఇక్కడ 150 అన్నది అక్కడ 1150 అనే అడ్రస్‌తో కనిపించేలా. ఆ డిస్క్‌ని ఆన్‌లైన్ చేసి, మౌంట్ చేసి, చ్‌రూట్‌తో లోపలికి వెళ్లి, ఇనిట్ఆర్‌డీ మళ్లీ కట్టి, జిపిల్ నడిపి బయటికి వస్తారు. పక్కింటివాడు వచ్చి తాళం తీసినట్టు. డేటా సెంటర్‌కి ఎవరూ వెళ్లక్కర్లేదు. అదీ కుదరకపోతే మళ్లీ మన కార్డ్ రీడరే, ఐపీఎల్ 00సీ కొట్టి రెస్క్యూ సిస్టమ్ లేపుతారు. ఇంకా జాగ్రత్తగా ఉండేవాళ్లు అప్‌డేట్‌కి ముందే డిస్క్ మొత్తం కాపీ తీసి, ఆ కాపీతో ఒక క్లోన్ లేపి, ముందు దాని మీద ప్రయోగం చేస్తారు. డిస్క్ కాపీ ఉన్నప్పుడు పాత కెర్నెల్ ఉంచడం దండగ అని కొందరు వాదిస్తారు. నేను రెండూ ఉండాలంటాను. కాపీ వెనక్కి వేస్తే మధ్యలో మారిన డేటా కూడా పోతుంది, పాత కెర్నెల్‌కి మారితే పోదు.

ఇదంతా మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన పని. గుర్తుండే భారాన్ని టూల్స్ మీదకి మార్చడానికి రెండు కంపెనీలు రెండు దారులు పట్టాయి. 2014లో సూసే తన 12వ ఎంటర్‌ప్రైజ్ వెర్షన్‌లో ఒక సాహసం చేసింది. జిపిల్ ముందు ఒక చిన్న లినక్స్‌ని లేపుతుంది. ఆ లినక్స్ లోపల గ్రబ్ మామూలు ప్రోగ్రామ్‌లా నడిచి, ఫైల్ సిస్టమ్ చదివి మెనూ చూపిస్తుంది. మీరు ఎంచుకున్న అసలు కెర్నెల్‌లోకి కెఎగ్జెక్ ద్వారా దూకుతుంది. లినక్స్‌ని లేపడానికి లినక్స్! విన్నప్పుడు నవ్వొస్తుంది గానీ, దీనివల్ల అప్‌డేట్ బాగాలేకపోతే పాత స్నాప్‌షాట్‌లోంచి నేరుగా లేవగలగడం మెయిన్‌ఫ్రేమ్‌కీ వచ్చింది. 2019లో వచ్చిన రెడ్ హ్యాట్ 8 జిపిల్‌నే ఉంచుకుంది. ప్రతి కెర్నెల్‌కీ ఒక చిన్న ఎంట్రీ ఫైల్ పెట్టి, ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌లే జిపిల్ నడిపేలా చేసింది. నా ఓటు రెడ్ హ్యాట్ పద్ధతికి. లేవని రోజున వెతకాల్సిన పొరలు తక్కువ. సూసే అభిమానులు కోప్పడకండి.

కెర్నెల్ మార్చే పనికి అసలు పరీక్ష 2018 జనవరిలో వచ్చింది. మెల్ట్‌డౌన్, స్పెక్టర్ గుర్తున్నాయా? ప్రాసెసర్ ముందుగా ఊహించి పని చేసే పద్ధతిలోనే లోపం బయటపడింది. స్పెక్టర్ మెయిన్‌ఫ్రేమ్‌నీ వదల్లేదు. "మాది మెయిన్‌ఫ్రేమ్, మాకేం కాదు" అని కెర్నెల్ మార్చకుండా ఏళ్ల తరబడి నడుపుతున్నవాళ్లకి కూడా మార్చక తప్పలేదు. ఒక్క మెషీన్ మీద ఎన్ని లినక్స్‌లు ఉంటే అన్ని కెర్నెల్స్, అన్ని జిపిల్‌లు, అన్ని ఐపీఎల్‌లు.

ఆ సమయంలో ఎస్390 కెర్నెల్ కోడ్‌కి స్పెక్టర్ రక్షణలు రాసినవారు మార్టిన్ ష్విడెఫ్‌స్కీ. బోబ్లింగెన్ ల్యాబ్‌లో మొదటి పోర్ట్ రోజుల నుంచీ ఉన్నవారు, లినక్స్‌లో ఎస్390 భాగానికి ఏళ్ల తరబడి మెయింటెయినర్. 2019 జూన్‌లో ఒక ప్రమాదంలో చనిపోయారు. ఆయన పేరు మీరు ఇంతకుముందు విని ఉండరు. ఆయన రాసిన కోడ్ మాత్రం ఆ మెషీన్ల మీద లేచే ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది.

"అసలు రీబూటే లేకుండా చేయొచ్చుగా" అని మీలో కొందరు అడుగుతారు, తెలుసు. 2015లో వచ్చిన 4.0 కెర్నెల్‌తో లైవ్ ప్యాచింగ్ మెయిన్ కోడ్‌లోకి వచ్చింది, మెయిన్‌ఫ్రేమ్‌లో కూడా ఉంది. నడుస్తున్న కెర్నెల్‌లో ఒక ఫంక్షన్‌ని తప్పించి కొత్త ఫంక్షన్‌కి దారి మళ్లిస్తారు. ఒక్కో బగ్‌కి బాగా పనికొస్తుంది. పైపు లీకైతే టేప్ చుట్టినట్టు అనుకోండి, పైపు మారదు. కెర్నెల్ వెర్షన్ మొత్తం మార్చాలంటే ఐపీఎల్ తప్పదు. పైగా రీబూట్ చేయని రోజులు పెరిగేకొద్దీ, ఇందాక చెప్పిన మార్చి నాటి డిస్క్ లాంటివి లోపల ఎన్ని దాక్కున్నాయో తెలియదు.

ఇంట్లో చేసి చూడాలనుకునేవాళ్లకి ఒక మాట. మెయిన్‌ఫ్రేమ్ కొనక్కర్లేదు. క్యూఈఎంయూలో ఎస్390ఎక్స్ మెషీన్ ఉంది, ల్యాప్‌టాప్ మీద డెబియన్ ఎస్390ఎక్స్ వేసుకోవచ్చు. కాస్త నెమ్మదిగా నడుస్తుంది, ఓపిక పట్టండి. డిస్క్ ఇమేజ్‌ని ఒక కాపీ తీసుకుని, కెర్నెల్ ప్యాకేజీ అప్‌డేట్ చేయండి. జిపిల్ నడిచినప్పుడు ఏ డిస్క్ మీద రాస్తోందో, చివర్లో డన్ అని వచ్చిందో లేదో చదవండి. రీబూట్ చేసి యూనేమ్ చూడండి. తర్వాత కావాలనే పాడుచేసి, కాపీలోంచి బయటపడండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ 3270 కన్సోల్ సంగతి చూద్దాం, ఆకుపచ్చ అక్షరాల స్క్రీన్ వెనక కూడా పెద్ద కథే ఉంది. ఉంటానండి.